కువైట్ నుంచి రెండు చిట్టీలు

ఫర్వానియాల మేము పదకొండేండ్లు ఉన్న రూము ముంగట నుంచి ఇప్పటికీ వారానికి ఒక తాప పోత. పనేం లేదు. బస్సు ఆ గల్లీ మూల మీద ఆగుతది, దిగి మూడో అంతస్తు దిక్కు ఒకసారి చూస్త, మల్ల నా తొవ్వ నేను పడత. ఆ బాల్కనీల ఇప్పుడు ఎవరివో బట్టలు ఆరుతుంటయ్. ఒకప్పుడు ఆ తీగ మీద కుడిపక్క సగం మా బావది. అక్కడ ఇంకొకరి బనీను కనబడ్డదంటే ఇల్లు పీకి పందిరేసేటోడు. ఇయ్యాల ఆ తీగ చూస్తే కూడ పాణం అదోలెక్క అయితది. ఏం జేస్తం, ముసలోన్ని అయితున్న గావచ్చు.

బావ అంటే సొంత బావ కాదు. ఆయన పెండ్లాం మా వాడకట్టు పిల్ల, గౌనేసుకున్న నాటి నుంచి నన్ను అన్నా అంటది. చెల్లె మొగడు గాబట్టి ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. మాది జగిత్యాల దిక్కు ఊరు. మా ఊరోళ్లు దుబాయిల ఉన్నరు, మస్కట్ల ఉన్నరు, కువైట్ల మాత్రం మేమిద్దరమే. నేను సులైబియాల ఒక గోదాముల ఫోర్క్‌లిఫ్ట్ నడుపుత. ఆయన మిర్కాబ్‌ల ఒక ఆఫీసుల చాయ్ పోసేటోడు. నా బస్సు ఆయన బస్సు కన్న గంటన్నర ముందు. అయినా నేను మొఖం కడుక్కొని వచ్చేసరికి నా చాయ్ పొయ్యి మీద ఉండేది. "నువ్వెందుకు లేస్తున్నవ్ బావా, పండరాదు" అంటే, "ఆఫీసుల అందరికీ పోస్త, నీకొక్కనికి పోస్తే నా చెయ్యి అరిగిపోతదా" అనేటోడు. ఆ చాయ్ ఇప్పుడు నేనే పెట్టుకుంటున్న. రుచి వస్తలేదు.

ఉన్నదే ఇద్దరం, ఆ ఇద్దరమూ రెండు పార్టీలు. మా నాయిన మోసిన జెండా మాది, వాళ్ల నాయిన మోసిన జెండా వాళ్లది. ఎవరన్న అడిగితే ఇంతకన్న చెప్పే కారణం మా ఇద్దరికీ లేకుండె. రూముల మొత్తం ఆరుగురం. కింద బకాలాల, అంటే కిరాణ దుకాణంల, పనిచేసే కడప పెద్దాయన ఒకాయన ఉండె, తినేకాడ పార్టీ ముచ్చట తీయొద్దని ఆయన రూలు పెట్టిండు. సెలవని అందరం కలిసి తినే శుక్రవారం ఒక్కనాడన్న ఆ రూలు నడిస్తే ఒట్టు. పళ్లెం ముంగట కూసోంగనే బావ షురూ జేసేటోడు.

"ఇగో, మీకు ఓట్లు తక్కువున్నయ్, అందుకే నీకు ముక్కలు తక్కువేసిన."

"ఉప్పు కూడ మర్చిపోయినవ్ బావా. గెలిచినంక వేస్తమని చెప్పిండ్రా ఏంది మీవోళ్లు?"

"ఖలాస్, ఖలాస్!" అని కడపాయన గంటె తోని పళ్లెం కొట్టేటోడు. ఎంత నవ్వినమో ఆ రూముల. ఇప్పుడు నేనుండే రూముల ఎవరి ఫోన్ల వాళ్లే మునిగి తింటరు. నాకు తిట్టేటోడు కూడ దొరుకుతలేడు.

ఆ ఏడు చలికాలం మా ఊర్ల సర్పంచ్ ఎలక్షన్లు వచ్చినయ్. సర్పంచ్ ఎలక్షన్ల పార్టీ గుర్తులు ఉండయ్ గానీ, ఏ గుర్తు వెనక ఏ జెండా ఉన్నదో ఊర్ల అందరికీ ఎరుకే. మా ఊరు ఈసారి బీసీ ఆడోళ్లకు రిజర్వు అయింది. మా పార్టీల లొల్లేం కాలే. మా అన్న ఎప్పటి నుంచో కాచుకొని ఉండె, ఆయన భార్య, అంటే మా వదినె, నిలబడుడు ఖాయమైంది. లొల్లంత వాళ్ల పార్టీల అయింది. అక్కడ ఇద్దరు తయారైండ్రు. ఒకామె ఇసుక ట్రాక్టర్లు నడిపేటాయన భార్య. ఆమె గొంతు ఎట్లుంటదో ఊర్ల సగం మందికి తెల్వదు, మాట్లాడేదంత ఆయనే. ఆయనంటే ఊర్ల చానామందికి గిట్టదు. రెండో ఆమె మా చెల్లె. బావ పెండ్లాం.

మా చెల్లె ముచ్చట చెప్పాలె. బీడీలు చుట్టుకుంటనే మహిళా సంఘం నడిపింది. ఎవరి కాగితం ఎక్కడ ఆగిందన్న, దాన్ని చంకల పెట్టుకొని మండలాఫీసు మెట్ల మీద కూసునేది, సంతకం అయితేనే లేచేది. నా భార్యకు డెంగీ జరమొచ్చిననాడు జగిత్యాల దవాఖానల నాలుగు రోజులు పక్కన కూసున్నది ఆమెనే. మా వదినెకు ఆ నాలుగు రోజులు నడుం నొచ్చింది. నేను ఇక్కడ ఫోను పట్టుకొని ఏడ్వంగ, "అన్నా, నువ్వు తిని డ్యూటీకి పో, నేనున్న గద" అన్నది. ఆ మాట నేను సచ్చేదాక మరువను.

వాళ్లిద్దర్ల ఎవ్వరూ తగ్గలే. ఆఖరికి వాళ్ల పార్టీ పెద్దమనుషులు ఒక తరీక తీసిండ్రు. ఊర్ల ఓటున్నోళ్లందరు, ఏ పార్టోళ్లయినా సరే, బడి కాడికి వచ్చి ఇద్దర్ల ఒకరి పేరు చిట్టీ మీద రాసి డబ్బల వెయ్యాలె. ఎవరికి ఎక్కువొస్తే వాళ్లు నిలబడాలె, రెండో ఆమె సప్పుడు లేకుండ వెంట తిరగాలె. మన పార్టోళ్లే వెయ్యాలె అని ఎందుకు పెట్టలేదంటే, ఎవడు మనోడు ఎవడు కాదు అని తేల్చుటానికే వారం పడతది. పొద్దున ఒక కండువ, సాయంత్రం ఒక కండువ ఏసుకునేటోళ్లు మా ఊర్ల సగం మంది.

గల్ఫోళ్లం కూడ వెయ్యాలన్నరు. అసలు ఎలక్షన్ల మాకు ఆ నసీబ్ లేదు, ఊరికి పోయి నిలబడితేనే ఓటు. కానీ ఒక్కొక్కని ఇంట్ల నాలుగేసి ఓట్లు వాని ఫోనును బట్టి కదులుతయని వాళ్లకు ఎరుక. అందుకని రిటైరైన పంతులు సారు ఫోను పట్టుకొని కూసునేటట్టు, మేము ఒక్కొక్కరం ఆయనకు చేసి పేరు చెప్పేటట్టు, మా తరఫున ఆయన చిట్టీ రాసి డబ్బల వేసేటట్టు మాట్లాడుకున్నరు. సారు రెండు పార్టీలోళ్లకూ చదువు చెప్పినోడు. ఎవ్వరికీ చెప్పనని ఒట్టు పెట్టిండు. మాకు సెలవుంటదని శుక్రవారమే పెట్టిండ్రు. చూడుండ్రి, మా ఊర్ల గల్ఫోనికి ఎంత ఇజ్జతో!

ఈ ముచ్చట రూముల చెప్తే కడప పెద్దాయన నోరు తెరిచిండు. "యాందప్పా ఇది? ఎగస్పార్టీ వాళ్లు ఎవురిని నిలబెట్టుకోవాలనో మీరు తేల్చేదా? మా సైడు గానీ ఇట్ల జేస్తే తలకాయలు పగుల్తాయి."

మా అన్న అదే రోజు ఫోన్ జేసిండు. "తమ్మీ, మంచి మోకా దొరికింది. మనోళ్లందరం బడి కాడికి పోయి ట్రాక్టర్లాయన భార్యకు వేస్తున్నం. ఆమె నిలబడ్డదనుకో, మీ వదినె కండ్లు మూసుకొని గెలుస్తది. గా పిల్ల నిలబడితే మాత్రం కష్టం. నువ్వు కూడ సారుకు ఫోన్ జేసి గదే చెప్పు."

గా పిల్ల అంట! డెంగీ జరమప్పుడు ఆమె పేరు యాదికుండె, ఇప్పుడు గా పిల్ల అయింది.

సరే అని ఫోన్ పెట్టేసిన గానీ, ఆ వారం నాకు నిద్ర లేదు, తిండి లేదు. చెల్లెకు వేస్తే మా అన్న నోట్ల మట్టి కొట్టినట్టే. ట్రాక్టర్లాయన భార్యకు వేస్తే, పొద్దుగాల నా చాయ్ పొయ్యి మీద పెట్టేటోని మొఖం ఎట్ల చూసుడు? అసలు వెయ్యకుంటనే ఉందామా అని కూడ అనుకున్న. అది వాళ్ల ఇంటి పంచాయితీ, నడుమల నాకేం పని? ఇది మంచిగనే కొట్టింది ఒక పూట. మల్ల నామీద నాకే కోపమొచ్చింది. దవాఖానల కూసున్ననాడు ఆమె, అది నా ఇంటి పంచాయితీ కాదు అనలే గద.

గోదాముల ఉల్లిగడ్డ లోడు ఎత్తుకుంట కూడ ఇదే ఆలోచన. ఒకసారి లోడు పోయి గోడకు తగిలింది, సూపర్‌వైజర్ వచ్చి నా ఏడు తరాలను అరబ్బీల తిట్టిండు. నాకేం వినబడలే.

బావ మాత్రం ఆ వారమంత నోరు తెరవలే. నాకు వెయ్యమనలే, వెయ్యొద్దనలే. శుక్రవారం కోసం గురువారమే మసాలా దంచిపెట్టుకునేటోడు, ఆ వారం దంచలే. ఎంత మంచోడు, నన్ను ఇరకాటంల పెట్టొద్దని ఊకున్నడు అనుకున్న. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ కూడ. గంత పిచ్చోన్ని నేను.

గురువారం నా భార్యకు ఫోన్ జేసి అడిగిన, నువ్వెవరికి వేస్తున్నవని. "నాకు జరమొచ్చిననాడు మీ పార్టీ రాలే" అన్నది. అంతే అన్నది, పెట్టేసింది.

శుక్రవారం పొద్దున టెర్రస్ మీదికి పోయి సారుకు ఫోన్ జేసిన. చెల్లె పేరు చెప్పిన.

"బిడ్డా, సోయి ఉండే చెప్తున్నవా? నిలబడేది మీ వదినె" అన్నడు సారు.

"ఉన్నది సారూ. రాయుండ్రి."

"రాస్తున్న" అన్నడు. మల్ల, "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగిండు. మంచిగున్న అన్న. నిజంగనే ఆ గడియల మంచిగుండె. మా నాయిన యాదికొచ్చిండు, తిడుతడేమో అనిపించింది, తిట్టనీ అనుకున్న. పుట్టిన కాడ నుంచి ఒక్కసారన్న అవతలి గట్టుకు పోయి వేసింది లేదు. మనసుకు ఎంత తేలికైందంటే, మెట్లు దిగుకుంట ఈల వేసిన.

మెట్ల మీద బావ ఎదురొచ్చిండు, ఫోను చేతుల పట్టుకొని మీదికి పోతున్నడు. నా మొఖం చూడలే. ఐదు నిమిషాలు కాలే, మల్ల దిగొచ్చిండు. పెండ్లాం గెలుస్తదో లేదోనని టెన్షన్ పడుతున్నడు అనుకున్న.

పగటాళ్లకు కోడికూర అయింది. అందరం కింద పేపర్లు పరుచుకొని కూసున్నం. అప్పుడే ఊరి గ్రూపుల మెసేజ్ వచ్చింది. ట్రాక్టర్లాయన భార్య గెలిచింది, పదకొండు ఓట్లతోని. మా అన్నోళ్లు అనుకున్నట్టే మందిని తోలుకపోయిండ్రు. "అయ్యో" అన్న నేను. బావ అన్నం కలుపుకుంటనే ఉన్నడు.

వెంటనే ఇంకో మెసేజ్. మా సారు ఉన్నడు గద, ముప్పై ఏండ్లు పరీక్ష పేపర్లు కట్టలు కట్టినోడు. ఆ అలవాటు పోలే. గల్ఫ్ ఫోన్ల లెక్క తప్పొద్దని, ప్రతి చిట్టీ వెనకాల దేశం పేరు రాసిండు. దుబాయ్, మస్కట్, కువైట్. పేర్లయితే చెప్పలేదు గానీ, చిట్టీలు విప్పుతుంటే వెనకాల రాసింది అందరికీ కనబడ్డది. దుబాయోళ్లు మస్తు మంది, వాళ్లల్ల ఎవరు ఎవరికి వేసిండ్రో ఎవనికి తెలుస్తది? కువైట్ చిట్టీలు రెండే రెండు. ఒకటి చెల్లెకు, ఒకటి ట్రాక్టర్లాయన భార్యకు.

గ్రూపుల నవ్వుకుంట పెట్టిండ్రు, కువైట్ల కూడ చెరిసగమేనా అని.

రూముల అందరు నన్నే చూసిండ్రు. కడప పెద్దాయన నెమ్మదిగ, "పోనీలేప్పా, ఎవుని పార్టీ వానిది" అన్నడు. నేను నోరు తెరిచిన. నేను చెల్లెకే వేసిన అని చెప్పబోయిన. చెప్పబోయి, రెండో చిట్టీ ఎవరిదో అప్పుడు సమజైంది. బావ దిక్కు తిరిగిన. ఆయన పళ్లెం దిక్కే చూస్తున్నడు, చెయ్యి మాత్రం ఆగింది.

గంతల చెల్లె వీడియో కాల్ చేసింది, ఆయన ఫోనుకు. ఏడుస్తలేదు. ఏడిస్తే బాగుండు. "అన్న పక్కకే ఉన్నడా?" అని అడిగింది. ఆయన తల ఊపిండు. "అన్నకు నా దండం చెప్పు" అన్నది. నాకు వినబడాలనే గట్టిగ అన్నది. బావ నా దిక్కు చూసిండు. ఆ చూపు నాకిప్పటికీ కండ్ల ముంగటనే ఉన్నది. మాట్లాడకు అని బతిమిలాడుతున్నడు, నోరు మెదపకుండనే. ఆ ఫోన్ల చెల్లె మొఖం చూసిన. పళ్లెం తీసి సింకుల పెట్టి బాల్కనీలకు పోయిన.

అక్కడ నిలబడంగనే మా అన్న ఫోన్. "శభాష్ తమ్మీ! రక్తం రక్తమే! ఊరంత చెప్పిన, మా తమ్ముడు దోస్తును కూడ చూడలే, పార్టీని చూసిండని." ఫోను తీసి రోడ్డు మీదికి ఇసిరి కొట్టాలనిపించింది.

పొద్దుమీకంగ బావను రెక్క పట్టి కిందికి గుంజుకపోయిన. మా బిల్డింగ్ వెనక బండ్లు ఆపుకునే ఖాళీ జాగ ఉంటది, ఆడికి తీస్కపోయి నిలబెట్టిన. ఏమేం తిట్టిన్నో ఇక్కడ రాయరాదు. "నీ పెండ్లాం రా! నేను అవతలి పార్టోన్ని ఆమెకు వేసిన, నువ్వు వెయ్యలేకపోయినవా?" అన్న. పదకొండేండ్లల్ల మొదటిసారి ఆయన్ను రా అన్న.

మట్టినే చూసుకుంట చెప్పిండు.

"మొదట్ల దినం ఫోన్ జేసేది బావా. బియ్యం ఏం తేవాలె, పిల్లను ఏ బడిల వెయ్యాలె, అన్నీ నన్నే అడిగేది. ఇప్పుడు నేను జేస్తే, మీటింగుల ఉన్న మల్ల చేస్త అంటది. అడిగేది ఏం లేదు, అన్నీ ఆమెనే చేస్కుంటది, నాకన్న మంచిగ చేస్తది. వచ్చే ఏడు ఇంటికి పోదామనుకున్న. ఆమె సర్పంచ్ అయితే, నేను పోయి ఏం జెయ్యాలె? ఎవరి ఇంటికి పోయినట్టు?"

"గది ఆమెతోని చెప్పవా?"

"ఎట్ల చెప్పాలె? సారు ఫోన్ ఎత్తేదాక ఆమె పేరే చెప్దామనుకున్న. నోట్లె నుంచి రెండో పేరు వచ్చింది."

అని నా చేతులు పట్టుకున్నడు. ఏడ్చిండు. అంత పెద్ద మనిషి, నెత్తిల సగం తెల్ల వెంట్రుకలు, బండ్ల నడుమ నిలబడి ఏడుస్తుంటే నాకు ఇంకా కోపమే వచ్చింది, జాలి రాలే. జాలి తర్వాత వచ్చింది, చాన తర్వాత. చెప్తనని గానీ చెప్పనని గానీ అనలే, వదిలిపెట్టి మీదికి వచ్చేసిన.

రెండు రోజులు మాట్లాడుకోలే. పొద్దున చాయ్ మాత్రం పొయ్యి మీద ఉంటనే ఉన్నది. రెండు రోజులు దాన్ని ముట్టకుండ పోయిన. మూడో నాడు తాగిన. ఏం జెయ్యాలె, అలవాటు.

ఎలక్షన్ల మా వదినె గెలిచింది. చెల్లె ఇచ్చిన మాట తప్పకుండ ట్రాక్టర్లాయన భార్య వెంట ఇల్లిల్లు తిరిగిందట. ఆ తర్వాత ఆమె ఎన్ని తాపలు ఫోన్ జేసినా నా ఊసు ఎత్తలే. ఇంతకు ముందు శుక్రవారం వచ్చిందంటే ఫోను నాకిప్పించుకొని, ఆయన సిగరెట్లు తాగుతున్నడా అన్నా, నిజం చెప్పు అని అడిగేది. నేను ఇద్దరి కాడ లంచం తీసుకునేటోన్ని, ఆయన కాడ చాయ్, ఆమె కాడ పొగడ్త. అది బందైంది. నాకు చెల్లెండ్లు లేరు, ఉన్న ఒక్కామె అట్ల పోయింది. మా అన్నకు, వదినెకు నేను మహా దొడ్డోన్ని అయిన. ఏ నోటితోని మెచ్చుకుంటుండ్రో ఆ నోరు చూస్తేనే నాకు వెగటు పుట్టేది.

ఎండలు ముదిరేసరికి బావ కొలువు ఖలాస్ చేసుకున్నడు. ఇక్కడ ఉండేటందుకు ఇచ్చే ఇఖామా కార్డు రద్దయింది, టికెట్ వచ్చింది. ఇద్దరం కూసొని అట్టపెట్టె కట్టినం. దుప్పట్లు, పాలపొడి డబ్బలు, బిడ్డకు బూట్లు. తాడు నేను బిగించిన, ఆయన వేలు పెట్టి పట్టుకున్నడు. లొల్లి పెట్టుకోకుండ ఒక పని చేసింది ఆ పదకొండేండ్లల్ల అదొక్కటే గావచ్చు. టాక్సీ ఎక్కేముందు, "నేనే చెప్త బావా. ఇంటికి పోంగనే చెప్త. నీ మీద మచ్చ ఉండనియ్య" అన్నడు. నమ్మిన. గట్టిగ పట్టుకొని పంపిన.

ఆయన పోయిన పదిహేను రోజులకు చెల్లె నుంచి ఫోన్ వచ్చింది. నా నంబరుకు. బావ చెప్పిండు, ఇప్పుడు అన్నా అంటది అనుకున్న.

"అన్నా" అన్నది.

"చెప్పు చెల్లె."

"నీ మీద అలిగిన. ఇన్ని నెలలు మాట్లాడలే. తప్పు నాదే. నువ్వు మీ ఇంటోళ్లకు వేసుకున్నవ్, ఎవరైనా గదే చేస్తరు."

ఆయన చెప్పలేదు అని తెలిసింది.

"అన్నా, నేను మల్ల నిలబడ్త. అయిదేండ్లు కానీ, పదేండ్లు కానీ. ఆ రోజు బడి కాడ అందరి ముంగట ఓడిపోయి నిలబడితే కాళ్లల్ల సత్తువ లేకుండె. అప్పుడు సారు ఆ చిట్టీ విప్పిండు, వెనక కువైట్ అని ఉన్నది, లోపట నా పేరున్నది. మందిని తోలుకొచ్చి నన్ను ఓడగొట్టినా, గంత దూరం నుంచి ఈయన నాకు వేసిండు. అది చూసుకొనే ఇంటిదాక నడిచిన అన్నా."

ఆ చిట్టీ నాది. నా నోటితోని చెప్పింది, ఈలేసుకుంట మెట్లు దిగింది నేను. నాలుక చివరిదాక వచ్చింది.

"ఆ రోజు ఈయన సారుకు ఫోన్ జేస్తుంటే నువ్వు పక్కకే ఉన్నవా అన్నా?" అని అడిగింది. గొంతు చిన్నగైంది. అవతల బావ ఏదో అడుగుతున్నడు, ఉప్పు డబ్బ ఎక్కడున్నదనో ఏమో.

"ఉన్న చెల్లె" అన్న. "నీ పేరే చెప్పిండు. సారుకు సరిగ వినబడలేదంటే, ఇంకోసారి గట్టిగ చెప్పిండు."